బెజ్జం దాటిన పెట్రోలు: జీడీఐ స్ప్రే లెక్క ఎలా కడతారు, సీమ ఎండకు అది ఎక్కడ తప్పుతుంది

పెనుకొండ దగ్గర, ఒకప్పటి అనంతపురం జిల్లాలోని కియా ప్లాంటు నుంచి 2019లో టర్బో పెట్రోలు కార్లు బయటికి రావడం మొదలైంది. వాటిలో ఇంజెక్టర్ పెట్రోలును గాలి లోపలికొచ్చే పోర్టులో కాకుండా నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. ఈ పద్ధతినే జీడీఐ (గ్యాసోలిన్ డైరెక్ట్ ఇంజెక్షన్) అంటారు. పోర్టులో చిమ్మే పాత పద్ధతికి 3, 4 బార్ల ఒత్తిడి చాలు. జీడీఐలో 200 బార్లు మామూలు, కొత్త ఇంజెక్టర్లలో 350 బార్ల దాకా ఉంటుంది. ఇంత ఒత్తిడి ఎందుకంటే వ్యవధి లేదు. ఇంజెక్టర్ ఒక మిల్లీసెకను తెరుచుకుంటే, నిమిషానికి 2000 చుట్ల వేగంలో క్రాంక్ 12 డిగ్రీలు తిరుగుతుంది, 6000 చుట్ల వేగంలో 36 డిగ్రీలు. ఆ కాస్త వ్యవధిలోనే ద్రవం విరిగి తుంపర కావాలి, తుంపర ఆవిరి కావాలి, ఆవిరి గాలిలో కలవాలి.

ఈ మూడింట్లో ఏది ఆలస్యమైనా తడి పిస్టన్ నెత్తికో, సిలిండర్ గోడకో అంటుకుంటుంది. అంటుకున్న పొర చుట్టూ గాలి చాలక మసిగా మండుతుంది. బీఎస్-6 నిబంధనలు జీడీఐ కారు పొగలో కణాల సంఖ్యను కిలోమీటరుకు 60 వేల కోట్లకు పరిమితం చేశాయి. సంఖ్య పెద్దదిగా కనిపించినా, పిస్టన్ మీద పలుచని తడి మిగిలితే ఆ హద్దు తేలిగ్గా దాటిపోతుంది. ఇంజెక్టర్‌ను ఏ కోణంలో బిగించాలి, ఎప్పుడు తెరవాలి, ఒకేసారి చిమ్మాలా, రెండు మూడు విడతలుగా చిమ్మాలా అన్నవి కంప్యూటర్ లెక్కతో ముందే తేల్చుకోవడానికి కారణం ఇదే. అద్దపు సిలిండర్‌తో ప్రయోగాత్మక ఇంజిన్ కట్టి ప్రతి కోణాన్నీ పరీక్షించడం ఎవరి తాహతుకూ మించిన ఖర్చు.

అయితే ఈ లెక్కలో కంప్యూటర్ అంతా తానే కనిపెట్టదు. ఇంజెక్టర్ కొనలోని బెజ్జం దాటాక మొదటి కొన్ని మిల్లీమీటర్లలో జరిగేదాన్ని చాలా మోడళ్లు లెక్కగట్టవు. మనం ఇచ్చినదాన్ని తీసుకుంటాయి: ద్రవం వేగం, కోణం, మొదటి బిందువు సైజు, ఉష్ణోగ్రత. ఇచ్చినవి తప్పయితే ఆ తరువాతి రంగుల బొమ్మలన్నీ తప్పే. అనంతపురం జేఎన్‌టీయూలోనో, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంలోనో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రాజెక్టు చేసే విద్యార్థి ముందు గట్టిగా పట్టుకోవలసింది ఈ సంగతే. పాఠాల్లో దొరికే స్థిరాంకాలు ఎక్కువగా ఐసో-ఆక్టేన్ అనే ఒకే ఒక్క రసాయనానికి, ఒకే ఒక్క స్థితికి సరిపెట్టినవి. కడప మే నెలలో బంకు పెట్రోలు ఆ రసాయనమూ కాదు, ఆ స్థితిలోనూ ఉండదు.

స్ప్రే-జీ: చేత్తో వేసి చూసుకోవలసిన లెక్క

ఇంజిన్ కంబషన్ నెట్‌వర్క్ పేరుతో ప్రపంచంలోని ప్రయోగశాలలు కలిసి అందరికీ ఒకే కొలమానంగా పెట్టుకున్న జీడీఐ స్థితి పేరు స్ప్రే-జీ. ఎనిమిది బెజ్జాల ఇంజెక్టర్. ఒక్కో బెజ్జం నామమాత్రపు వ్యాసం 0.165 మిల్లీమీటర్లు, దాని బయట వెడల్పుగా 0.388 మిల్లీమీటర్ల గుంట. బెజ్జం తొలిచిన కోణం ఇంజెక్టర్ అక్షం నుంచి 37 డిగ్రీలు. ఇంధనం 90 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న ఐసో-ఆక్టేన్, ఒత్తిడి 200 బార్లు. ఎదురుగా ఉన్న వాయువు 300 డిగ్రీల వేడిలో, 6 బార్ల ఒత్తిడిలో, ఘనపు మీటరుకు 3.5 కిలోల సాంద్రతతో ఉంటుంది. సుమారు 780 మైక్రోసెకన్లలో 10 మిల్లీగ్రాములు చిమ్ముతుంది. కొలతలన్నీ బహిరంగంగా దొరుకుతాయి కాబట్టి ఏ కొత్త మోడలైనా ఇక్కడ నెగ్గాకే ఇంకో చోటికి పోవాలి.

సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాగితం మీద ఒక లెక్క వేయాలి. 90 డిగ్రీల్లో ఐసో-ఆక్టేన్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 630 కిలోలు అనుకుంటే, 194 బార్ల తేడాకు బెర్నూలీ వేగం (నష్టమేమీ లేకపోతే రావలసినది) సెకనుకు 248 మీటర్లు వస్తుంది. ఎనిమిది బెజ్జాల మొత్తం వైశాల్యం 0.171 చదరపు మిల్లీమీటర్లు. ఈ రెంటినీ సాంద్రతతో గుణిస్తే సెకనుకు 26.7 గ్రాములు రావాలి. వాస్తవంలో వచ్చేది 10 మిల్లీగ్రాములను 780 మైక్రోసెకన్లతో భాగిస్తే 12.8 గ్రాములు. సగానికి సగం కూడా లేదు. మిగతా సగం పోవడానికి కారణం బెజ్జం ఆకారమే. పొడవు, వ్యాసం దాదాపు సమానమైన పొట్టి బెజ్జంలోకి ద్రవం పదునైన అంచు మీదుగా మలుపు తిరిగి దూరుతుంది. లోపలి గోడను వదిలేసి ఒక పక్కకు ఒరిగి, సన్నబడి బయటికొస్తుంది. మళ్లీ గోడను అంటుకునేంత పొడవు దానికి దొరకదు.

ఎక్కువ ప్రాజెక్టులు కూలిపోయేది ఇక్కడే. ప్రవాహం 12.8 గ్రాములని, వ్యాసం 0.165 అని రెండూ నిజాయతీగా ఇస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ రెంటినీ భాగించి సెకనుకు 120 మీటర్ల సరాసరి వేగం తీసుకుంటుంది. అసలు ద్రవమేమో సన్నబడిన జెట్టుగా అంతకంటే చాలా వేగంగా వస్తోంది. ద్రవ్యరాశి సరిగ్గానే ఉంది, మోమెంటమ్ (ద్రవ్యరాశి, వేగాల లబ్ధం) పోయింది. స్ప్రే కొలిచినదాని కంటే పొట్టిగా వస్తుంది. దాన్ని పొడిగించడానికి విచ్ఛిత్తి స్థిరాంకాన్ని, అంటే ద్రవం ఎంత త్వరగా విరగాలో చెప్పే అంకెను, తిప్పుతారు. పొడవు కలుస్తుంది కానీ బిందువుల సైజు పాడవుతుంది, ఆవిరి లెక్క దాంతోపాటే పోతుంది. సరైన దారి వేరు: ఇంజెక్షన్ రేటు ఎంతో, మోమెంటమ్ ఎంతో విడివిడిగా తెలుసుకుని, వైశాల్య సంకోచ గుణకాన్ని (బెజ్జంలో ద్రవం నిజంగా నింపే వంతును) ఇచ్చి, వేగాన్ని అసలు విలువకు తేవాలి. రేటును బాష్ పొడవు గొట్టం పద్ధతిలో కొలుస్తారు. మోమెంటమ్‌ను స్ప్రే ఎదురుగా పెట్టిన బలమాపకంతో కొలుస్తారు. రెండోది దొరక్కపోతే, ఆ లెక్క ఫలితాన్ని పూర్తిగా నమ్మకూడదు.

కోణం కూడా అంతే. డ్రాయింగులో 37 డిగ్రీలని ఉంది కదా అని 37 ఇవ్వకూడదు. ద్రవం బెజ్జంలో ఒక పక్కకు ఒరిగి రావడం వల్లా, ప్లూముల (ఒక్కో బెజ్జం నుంచి వచ్చే తుంపర ధారల) మధ్య పీడనం తగ్గి అవి ఒకదాన్నొకటి లోపలికి లాక్కోవడం వల్లా అసలు దిశ 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ, 40 మిల్లీమీటర్ల దూరంలో అది 2 మిల్లీమీటర్ల తేడా. ప్లూము పిస్టన్ గుంటలో పడుతుందా, అంచు మీద పడుతుందా అన్నది ఆ 2 మిల్లీమీటర్లలోనే తేలుతుంది.

పార్సెల్, విచ్ఛిత్తి, గడి సైజు

10 మిల్లీగ్రాముల ఇంధనం 10 మైక్రోమీటర్ల బిందువులుగా విరిగితే వాటి సంఖ్య సుమారు 3 కోట్లు. ఒక్కొక్కదాన్నీ వెంబడించడం అనవసరం. ఒకే సైజు, ఒకే వేగం, ఒకే ఉష్ణోగ్రత ఉన్న బిందువుల గుంపును ఒక పార్సెల్‌గా లెక్కిస్తారు. గాలిని గడులుగా విడగొట్టిన మెష్‌లో లెక్కగడతారు, పార్సెళ్లు ఆ గడుల మధ్య స్వేచ్ఛగా తిరుగుతూ వేగాన్నీ, వేడినీ, ఆవిరినీ గాలితో ఇచ్చిపుచ్చుకుంటాయి. డ్యుకోవిచ్ 1980లో ప్రతిపాదించిన ఈ పద్ధతే లాస్ అలామోస్ వారి కీవా ప్రోగ్రాం మీదుగా నేటి కన్వర్జ్, ఏవీఎల్ ఫైర్, ఓపెన్‌ఫోమ్ దాకా వచ్చింది. ఒక ఇంజెక్షన్‌కు పార్సెళ్లు లక్షల్లో ఉంటేనే ఫలితం నిలకడగా ఉంటుంది. పది, ఇరవై వేలతో చేసిన లెక్కను ఇంకోసారి నడిపితే ఆవిరి మేఘం ఆకారమే మారిపోతుంది.

పార్సెల్‌లోని బిందువు ఎప్పుడు విరగాలో చెప్పేది వెబర్ సంఖ్య, అంటే గాలి తోపుడుకూ ఉపరితల తన్యతకూ ఉన్న నిష్పత్తి. స్ప్రే-జీ బెజ్జం దగ్గర ఇది 2500 పైమాటే. అదే బిందువు 10 మైక్రోమీటర్లకు చిన్నదై, గాలితో పోలిస్తే సెకనుకు 50 మీటర్ల వేగానికి తగ్గితే 7 దగ్గరికి పడిపోతుంది. వ్యాసంతో లెక్కిస్తే 12 కంటే తక్కువ ఉన్నప్పుడు బిందువు విరగదు. కాబట్టి విచ్ఛిత్తి కథంతా మొదటి కొద్ది మిల్లీమీటర్లలోనే, మొదటి కొద్ది పదుల మైక్రోసెకన్లలోనే ముగుస్తుంది. ఆపైన మిగిలేది ఆవిరి కావడం, కొట్టుకుపోవడం. వేరుశనగ చేలో మందు కొట్టేటప్పుడు సన్న తుంపర గాలివాటుకు పక్క చేలోకి పోతుంది, లావు బొట్టు ఉన్నచోటే ఆకు మీద పడుతుంది. సిలిండర్‌లోనూ 8 మైక్రోమీటర్ల బిందువు గాలి సుడి వెంట మలుపు తిరుగుతుంది, 30 మైక్రోమీటర్లది నేరుగా పోయి పిస్టన్‌ను తాకుతుంది. బిందువు ఆవిరయ్యే వ్యవధి వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వ్యాసం రెండింతలైతే వ్యవధి నాలుగింతలు. సరాసరి సైజు కలిసిందని సంతోషపడి, పెద్ద బిందువుల వాటాను చూడకపోవడం అందుకే ప్రమాదం. మసి పుట్టించేది ఆ కొద్ది శాతమే.

విచ్ఛిత్తికి అందరూ వాడేది కేహెచ్-ఆర్‌టీ మోడల్. ద్రవం పక్కన గాలి జారడం వల్ల పుట్టే అలలతో చిన్న బిందువులు ఊడిపోవడం మొదటి సగం (కేహెచ్). బిందువు హఠాత్తుగా మందగించినప్పుడు ముక్కలు కావడం రెండో సగం (ఆర్‌టీ). ఓపెన్‌ఫోమ్ ఉదాహరణ ఫైళ్లలో దీని స్థిరాంకాలు ఇలా ఉంటాయి: బీ0 విలువ 0.61, బీ1 విలువ 40, ఆర్‌టీ స్థిరాంకం 0.1. బీ0ను ముట్టుకోనక్కర్లేదు. బీ1 మాత్రం ప్రచురితమైన పనుల్లో 1.73 నుంచి 60 దాకా కనిపిస్తుంది. పెంచితే విచ్ఛిత్తి ఆలస్యమై ద్రవం దూరం పోతుంది, తగ్గిస్తే బెజ్జం ముందే పొగమంచవుతుంది. ముప్ఫై రెట్లకు పైగా మారగల అంకె ఒకటి చేతిలో ఉంటే ఏ వక్రరేఖనైనా కలపవచ్చు. అలా కలపడాన్ని రుజువుగా చూపడం సరికాదు. పైగా 40 అనే ఆ విలువ డీజిల్ స్ప్రేల అలవాటు నుంచి వచ్చింది. అక్కడ బెజ్జం నుంచి గట్టి ద్రవపు కడ్డీ వస్తుంది, జీడీఐలో అప్పటికే చిరిగిపోయిన ద్రవం వస్తుంది. అందుకే జీడీఐకి మొదటి బిందువును బెజ్జమంత పెద్దదిగా కాకుండా, రోసిన్-రామ్లర్ పంపిణీతో చిన్న సైజుల గుంపుగా మొదలుపెట్టడం చాలాసార్లు మేలు.

మెష్ విషయం ఇంకా లోతైనది. స్ప్రే-జీలో ఒక్కో బెజ్జం మైక్రోసెకనుకు 1.6 మైక్రోగ్రాముల ఇంధనం వదులుతుంది. 2 మిల్లీమీటర్ల గడిలో ఉండే వాయువు 28 మైక్రోగ్రాములు. బిందువులు తమ వేగాన్ని అంత వాయువుకు పంచాలి కాబట్టి గడిలోని వాయువు బాగా కదలదు, బిందువులకు ఎదురుగాలి తగ్గదు, స్ప్రే కురచగా ఆగిపోతుంది. అదే 0.5 మిల్లీమీటర్ల గడిలో వాయువు 0.44 మైక్రోగ్రాములే. మొదటి బిందువుల తోపుడుకే అది కదిలి, వెనక వచ్చేవాటికి దారి ఇస్తుంది. వాస్తవంలో జరిగేది దీనికి దగ్గర.

అలాగని ఎంత సన్నగా కోస్తే అంత మంచిదనుకోవడం కూడా తప్పే. 0.125 మిల్లీమీటర్ల గడి ఘనపరిమాణం 0.002 ఘనపు మిల్లీమీటర్లు. ద్రవం ఆ గడిని దాటడానికి అర మైక్రోసెకను పట్టినా, ఆ క్షణంలో గడిలో ఉండే ద్రవం 0.0013 ఘనపు మిల్లీమీటర్లు, అంటే గడిలో సగానికి పైన ద్రవమే. పార్సెల్ పద్ధతి మొత్తం నిలబడింది ద్రవం గడిలో చాలా తక్కువ చోటు తీసుకుంటుందన్న ఊహ మీద. ఆ ఊహ పోయినచోట లెక్క ఆగిపోదు, హెచ్చరికా రాదు. గడి ఉష్ణోగ్రత నమ్మరానంత కిందికి పడిపోవడం, ఆవిరి ఒకే గడిలో పేరుకోవడం లాంటి గుర్తులు మాత్రం కనిపిస్తాయి. బెజ్జాల చుట్టూ 0.25, ప్లూముల దారిలో 0.5, దూరంగా 1 నుంచి 2 మిల్లీమీటర్లు పెట్టుకోవడం సగటు టర్బులెన్స్ మోడళ్లకు చాలినంత. 0.25 గడిని 248 మీటర్ల వేగం ఒక మైక్రోసెకనులో దాటుతుంది, కాబట్టి కాలపు అడుగు అర మైక్రోసెకను మించకూడదు.

80 మిల్లీమీటర్ల చదరం, 60 మిల్లీమీటర్ల లోతు ఉన్న పెట్టెను మొత్తం 0.5 గడులతో నింపితే 30 లక్షల గడులు. కాలేజీ ల్యాబు కంప్యూటర్‌కు అది బరువే. ఎనిమిదో వంతు, 45 డిగ్రీల ముక్క తీసుకుని రెండు పక్కలా ఆవర్తన సరిహద్దు (ఒక పక్క దాటినది రెండో పక్క నుంచి లోపలికి వచ్చేలా) పెడితే 4 లక్షల లోపుకు వస్తుంది. ఒక్క ప్లూమును ఖాళీ పెట్టెలో వదలడం మాత్రం చేయకూడదు. పక్క ప్లూముల లాగుడు లేకపోతే అది జీడీఐ స్ప్రేనే కాదు. కె-ఎప్సిలాన్ టర్బులెన్స్ మోడల్ వాడేవారు గుండ్రని జెట్టు మరీ వెడల్పవుతోందని గమనిస్తే, సీ1 స్థిరాంకాన్ని 1.44 నుంచి 1.5, 1.55 దాకా పెంచడం వాడుకలో ఉన్న దిద్దుబాటు. ఏ విలువ వాడారో నివేదికలో రాయాలి.

గువ్వలచెరువు దగ్గర ఆగిన కారు

రాయలసీమ అనగానే అందరి దృష్టీ గాలి వేడి మీదికి పోతుంది. మూడు వందల పైచిలుకు మీటర్ల ఎత్తున్న అనంతపురంలో 43 డిగ్రీల మధ్యాహ్నం గాలి సాంద్రత, సముద్రమట్టంలో 25 డిగ్రీల గాలితో పోలిస్తే 9 శాతం తక్కువ. అందులో ఎత్తు వాటా 4 శాతమే. టర్బో, ఆక్సిజన్ సెన్సర్ కలిసి దీన్ని చాలావరకు సర్దేస్తాయి. స్ప్రేకు అసలు చిక్కు ఇంధనపు ఉష్ణోగ్రతతో వస్తుంది.

కడప నుంచి రాయచోటి వైపు ఘాటెక్కి, గువ్వలచెరువులో పాలకోవా కోసం కారు ఆపి ఇంజిన్ కట్టేసిన సందర్భం తీసుకుంటే చాలు. ఘాటులో ఇంజిన్ బరువుగా పనిచేసినంతసేపూ ట్యాంకు నుంచి తాజా పెట్రోలు ధారాళంగా వస్తూ రైలును (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టాన్ని), ఇంజెక్టర్‌ను కొంత చల్లబరుస్తుంది. ఆపిన క్షణం నుంచి ఆ ప్రవాహం లేదు, కూలెంట్ తిరగదు, సిలిండర్ హెడ్ వేడి ఇంజెక్టర్ కొన మీదుగా రైలులోకి పాకుతుంది. పావుగంట తరువాత మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు కొనలో ఉన్న పెట్రోలు 90 డిగ్రీలు దాటి ఉండవచ్చు. రైలులో ఒత్తిడి ఉన్నంతవరకు అది ఉడకదు. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని సిలిండర్ పీడనం 0.4 బార్ దగ్గర ఉంటుంది. అందులోకి చిమ్మిన క్షణం పెట్రోలు బెజ్జంలోనే భగ్గున మరుగుతుంది. దీన్ని ఫ్లాష్ బాయిలింగ్ అంటారు.

ఎంత తీవ్రంగా మరుగుతుందో చెప్పేది ఒకే నిష్పత్తి: ఆ ఉష్ణోగ్రతలో ఇంధనపు ఆవిరి పీడనాన్ని సిలిండర్ పీడనంతో భాగించాలి. ఒకటి లోపు ఉంటే మరగదు. 3 దాటితే ప్లూములు ఉబ్బి ఒకదాన్నొకటి తాకి, మధ్యలో పీడనం పడిపోయి, ఎనిమిదీ కలిసి ఒకే కడ్డీగా కూలిపోయే ప్రమాదం మొదలవుతుంది. 90 డిగ్రీల దగ్గర ఐసో-ఆక్టేన్ ఆవిరి పీడనం 0.77 బార్, కాబట్టి 0.4 బార్‌కు నిష్పత్తి 1.9. ఇథనాల్‌కు 1.58 బార్, నిష్పత్తి 4. పెట్రోలులోని తేలిక భాగానికి ప్రతినిధి అయిన పెంటేన్‌కు 4.7 బార్, నిష్పత్తి 12. ఒకే ఇంజిన్, ఒకే క్షణం, ఇంధనానికి ఏ రసాయనాన్ని ఎంచుకున్నామన్నదాన్ని బట్టి మూడు వేరు వేరు భౌతిక స్థితులు. ఐసో-ఆక్టేన్‌తో చేసిన లెక్క ప్లూములు విడివిడిగా ఉన్నాయని చూపిస్తుంటే, అసలు బంకు పెట్రోలు అప్పటికే మధ్యలో ముద్దయి నేరుగా పిస్టన్ నడినెత్తి మీదికి దూసుకుపోతూ ఉండవచ్చు.

కూలిన స్ప్రే పొడవు తీరు కూడా వింతగా ఉంటుంది. వేడి కొద్దిగా పెరిగినప్పుడు బిందువులు చిన్నవై, త్వరగా ఆవిరై, స్ప్రే కురచబడుతుంది. ఇంకా పెరిగి ప్లూములు కలిసిపోతే, అన్నింటి మోమెంటమ్ ఒకే దారిన పడి స్ప్రే మళ్లీ పొడుగవుతుంది. బీ1 లాంటి ఒక్క అంకెతో ఈ మలుపును పట్టడం అసాధ్యం. ప్లూము కోణాన్ని వెడల్పు చేయాలి, మొదటి సైజును తగ్గించాలి, అతితాప బిందువుకు (మరిగే స్థాయి దాటి వేడెక్కినా ఇంకా ద్రవంగా ఉన్నదానికి) సరిపడే ఆవిరి సూత్రాన్ని అదనంగా చేర్చాలి. చేయగలిగినవారు బెజ్జం లోపలి ప్రవాహాన్ని విడిగా, హోమోజీనియస్ రిలాక్సేషన్ మోడల్‌తో (ద్రవం ఆవిరి కావడానికి పట్టే ఆలస్యాన్ని పట్టించుకునేది) లెక్కగట్టి, బెజ్జం అంచు దగ్గరి వేగం, ఆవిరి వాటా, ఉష్ణోగ్రతలను పటాలుగా తీసి పార్సెళ్లకు అందిస్తారు. బెజ్జాలను మూసి తెరిచే సూది సుమారు 50 మైక్రోమీటర్లే పైకి లేచే ఆ ఇరుకులో గడులు కొద్ది మైక్రోమీటర్లకు దిగాలి. ఖర్చు ఎక్కువే, కానీ ఫ్లాష్ స్థితిలో ఊహించి ఇచ్చే కోణం కంటే ఇది ఎంతో నమ్మదగినది. సాధనకు స్ప్రే-జీ2 ఉంది: అదే ఇంజెక్టర్, అదే 90 డిగ్రీల ఇంధనం, ఎదురుగా మాత్రం 0.5 బార్, 60 డిగ్రీల వాయువు. సీమలో వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌కు దగ్గరగా ఉండే స్థితి ఇదే కాబట్టి ఇక్కడి విద్యార్థులు జీ కంటే జీ2 మీద ఎక్కువ కాలం గడపడం మంచిది.

2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి వచ్చిన ఈ20 ఇంకో మెలిక పెట్టింది. 20 శాతం ఇథనాల్ అంటే ఇథనాల్‌ను విడిగా, పెట్రోలును విడిగా లెక్కగట్టి కలిపేయడం కాదు. హెక్సేన్ 68.7 డిగ్రీల్లో మరుగుతుంది, ఇథనాల్ 78.4లో. రెండూ తగిన పాళ్లలో కలిస్తే 58.7 డిగ్రీల్లోనే మరుగుతాయి. ఒక్కో భాగం ఆవిరి పీడనం మిశ్రమంలో దాని పాలును బట్టే ఉంటుందనే రౌల్ట్ నియమాన్ని చాలా సాఫ్ట్‌వేర్లు మామూలుగా వాడతాయి, దానికి ఇది అందదు. మిశ్రమంలో ఇథనాల్ త్వరగా పైకి లేవడాన్ని అది తక్కువ చేసి చూపిస్తుంది. యూనిఫాక్ లాంటి పద్ధతితో యాక్టివిటీ గుణకాలు (ఆ నియమం నుంచి మిశ్రమం ఎంత తప్పుతుందో చెప్పే అంకెలు) ఇస్తేనే తేలిక భాగం సరిగ్గా ఆవిరవుతుంది. ఇంధనానికి కనీసం నాలుగు భాగాలు పెట్టుకోవాలి: తేలికకు పెంటేన్, నడుమకు ఐసో-ఆక్టేన్, బరువుకు డెకేన్ లాంటిదొకటి, వాటితో ఇథనాల్. బరువు భాగం లేకుండా చేసిన లెక్క పిస్టన్ మీద తడిని ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే చివరిదాకా ఆవిరి కాకుండా మిగిలేది అదే.

వేడి లెక్క కూడా మారుతుంది. పెట్రోలు ఆవిరి కావడానికి కిలోకు సుమారు 350 కిలోజౌళ్లు తీసుకుంటే ఇథనాల్ 900 దాకా తీసుకుంటుంది. బరువులో 21 శాతం ఇథనాల్ ఉన్న ఈ20కి అది 460 దాటుతుంది. మండడానికి కావలసిన గాలి పాలు 14.6 నుంచి 13.5 చుట్టూ దిగుతుంది కాబట్టి ఇంధనమూ ఎక్కువ చిమ్మాలి. రెండూ కలిపితే ప్రతి కిలో గాలి నుంచి గుంజే వేడి 24 కిలోజౌళ్ల నుంచి 34కు పెరుగుతుంది. సీమ ఎండలో నాకింగ్ (మిశ్రమం తనంతట తానే అంటుకుని ఇంజిన్ టకటకమనడం) తగ్గడానికి ఇది మేలు. అదే ఒత్తిడిలో ఇంజెక్టర్ 8 శాతం ఎక్కువసేపు తెరిచి ఉండాలి. 780 మైక్రోసెకన్ల ఇంజెక్షన్ 840 అవుతుంది, చివరి పెట్రోలు పిస్టన్‌ను ఇంకాస్త ఆలస్యంగా కలుస్తుంది. పాత రేటు వక్రరేఖను అలాగే ఉంచి ఇంధనం పేరు మాత్రం మార్చిన లెక్కలు ఈ సంగతి పూర్తిగా వదిలేస్తాయి.

ఏది కలిస్తే నమ్మాలి

పొడవు ఒక్కటే కలిస్తే చాలదని పైన చెప్పినదాన్ని బట్టే తెలుస్తుంది. ద్రవపు పొడవు అన్న మాటకు కూడా హద్దు నిర్వచించుకోవాలి. కెమెరాలో కనిపించే అంచుకూ, 99 శాతం పార్సెళ్లున్న దూరానికీ పోలిక కుదరదు. స్ప్రే-జీకి చూపు రేఖ వెంట ద్రవ పరిమాణాన్ని కలిపి, చదరపు మిల్లీమీటరుకు 0.002 ఘనపు మిల్లీమీటర్లు, మళ్లీ దానిలో పదో వంతు 0.0002 అనే రెండు హద్దుల దగ్గర పొడవు చూస్తారు. ఆవిరికి మిశ్రమ భాగం 0.1 శాతం హద్దు. వీటి తరువాత చూడవలసింది ప్లూముల నడుమ, కొన నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో అక్షం మీద వాయువు వేగం. ఇంజెక్షన్ జరుగుతున్నంతసేపూ అక్కడి వాయువు ఇంజెక్టర్ వైపు పైకి పోతుంది, ఆగాక దిశ మార్చుకుని కిందికి దిగుతుంది. పొడవు చక్కగా కలిసి ఈ దిశ మార్పు కలవని లెక్కలు చాలా కనిపిస్తాయి. అలాంటిది ప్లూముల పరస్పర లాగుడును తప్పుగా పట్టిందన్నమాట, ఇంజిన్‌లోకి తీసుకుపోతే మిశ్రమం తప్పుచోట పేరుకుంటుంది.

ఇంకో కట్టుబాటు ఉండాలి. స్ప్రే-జీ మీద స్థిరాంకాలు సరిపెట్టుకున్నాక వాటిని తాళం వేసి, ఏదీ మార్చకుండా జీ2నూ, 1 బార్ దగ్గరి జీ3నీ నడపాలి. ఇంధన ఉష్ణోగ్రతను బట్టి ప్లూము కోణం ఎలా మారాలో సూత్రం ముందే రాసి ఉంటే అది మోడల్. ఒక్కో స్థితికీ చేత్తో ఒక్కో కోణం ఇస్తే అది అతుకులబొంత, దానితో ఈ20 గురించి ముందే చెప్పగలిగేదేమీ ఉండదు.

బీఎస్-6 బైకులు, స్కూటర్ల పోర్టు ఇంజెక్టర్లకు ఇదంతా ఇంత అవసరం లేదు. 3 బార్ల దగ్గర వేగం సెకనుకు 28 మీటర్లే, బిందువులు వంద మైక్రోమీటర్ల స్థాయిలో ఉంటాయి, ఎక్కువ భాగం ఇన్‌టేక్ వాల్వు వీపు మీద పడి అక్కడి వేడికి ఆవిరవుతుంది. అక్కడ విచ్ఛిత్తి మోడల్ కంటే గోడ మీది పొర మోడల్‌కే పని ఎక్కువ.

చివరిగా, ఏ మెష్‌లోనూ కనిపించనిది మసి. కొత్త ఇంజెక్టర్ డ్రాయింగుతో చేసిన లెక్క కొన్ని వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజెక్టర్‌కు చెల్లదు. వేడి ఇంజిన్ కట్టేసినప్పుడల్లా కొనలో మిగిలిన పెట్రోలులో తేలిక భాగం ఎగిరిపోయి, బరువు భాగం గట్టిపడి, బెజ్జం బయటి గుంటలో పొరగా పేరుకుంటుంది. ఎండాకాలంలో ఆగి ఆగి తిరిగే కార్లకు ఇది ఎక్కువ. వ్యాసం 5 శాతం తగ్గితే వైశాల్యం దాదాపు 10 శాతం తగ్గుతుంది. ఆక్సిజన్ సెన్సర్ చూసి ఇంజిన్ కంప్యూటర్ ఇంజెక్టర్‌ను ఎక్కువసేపు తెరిచి మొత్తం పరిమాణాన్ని సరిచేస్తుంది, బెజ్జాల మధ్య పంపకాన్ని మాత్రం సరిచేయలేదు. అందుకని అన్ని బెజ్జాలూ సమానంగా ఉన్న లెక్క పూర్తయ్యాక, ఎనిమిదిలో రెండు పక్కపక్క బెజ్జాల వ్యాసాన్ని 5 శాతం తగ్గించి, మొత్తం 10 మిల్లీగ్రాములు అలాగే ఉంచి, ఇంజెక్షన్ వ్యవధిని ఆ మేరకు పెంచి మరోసారి నడపాలి. అప్పుడు 45 డిగ్రీల ముక్క పనికిరాదు, 30 లక్షల గడుల పూర్తి పెట్టె కావాలి. పిస్టన్ మీద తడి ఎక్కడ పెరిగిందో, స్పార్క్ ప్లగ్ దగ్గర గాలి-పెట్రోలు పాలు ఎంత జరిగిందో ఆ రెండో లెక్కలో తేలుతుంది.